తూము వీధిలో చలికాలపు అమ్మకాలు

చలికాలంలో ఇల్లు అమ్మవచ్చునా, కూడదా అనే ప్రశ్న మా ఊళ్ళో ఎవరికీ ఎన్నడూ రాలేదు. నెలగంట పెట్టిన దగ్గర్నుంచి పుష్యమాసం వెళ్ళేదాకా ఇల్లు కాదు గదా, పాత సైకిలు కూడా మావాళ్ళు చేతులు మార్చరు. అమ్మేవాడు మాఘం రానివ్వండి అంటాడు, కొనేవాడు అదే మంచిదంటాడు, మధ్యవర్తి ఇద్దరి ఇళ్ళలోనూ కాఫీ తాగి వెళ్ళిపోతాడు. ఇందువల్ల ఎవరికైనా నష్టం జరిగినట్టు నేను వినలేదు. కానీ లేని ప్రశ్న పుట్టించి, దానికి జవాబు చెప్పమని జనం పీకల మీద కూర్చోవడానికే ఆఫీసులున్నాయి గనక, ఆ ఏడు ఆ ప్రశ్న జీపెక్కి మా తూము వీధిలోకి వచ్చింది.

అసలు సంగతేమిటంటే, రాజధానిలో ఎవరో పెద్దాయన ఇళ్ళ రిజిస్ట్రేషన్ల గ్రాఫు చూశాడు. ఏడాది పొడుగునా తలెత్తుకుని నడిచిన గీత చలికాలం రాగానే గోతిలో పడింది. చదువుకున్నవాడు కాగితం మీద గొయ్యి చూస్తే ఊరుకోడు. రోడ్డు మీద గొయ్యి అయితే సర్దుకుపోతాడు. ఇది జనం మూఢనమ్మకం వల్ల పడ్డ గొయ్యి అనీ, చలికాలంలో ఇల్లు అమ్ముకోలేని జాతి ఏ కాలంలోనూ బాగుపడదనీ ఆయన ఒక నివేదిక రాయించాడు. దానికి ‘శీతాకాల గృహ విక్రయ మహోద్యమం’ పుట్టింది. మునిసిపాలిటీకి ఇన్ని, వార్డుకి ఇన్ని, వీధికి ఇన్ని అని ఇళ్ళు కోటా కట్టారు. చలికాలంలో అమ్మిన ఇంటికి రిజిస్ట్రేషను రుసుం మొత్తం మాఫీ చేశారు. మా ఊరికి ప్రత్యేకాధికారిగా పరాంకుశం గారిని వేశారు.

నేను హైస్కూల్లో డ్రాయింగు మాస్టర్ని. ఇల్లు మాత్రం మా ఆవిడ సుభద్రది. కాగితంలో ఆమె పేరుందని అనటం లేదు, నిజంగానే ఆమెది. నేను బళ్ళో పిల్లలచేత మామిడికాయ బొమ్మ వేయిస్తున్న రోజుల్లో ఆమె గొడుగు వేసుకుని మేస్త్రీల నెత్తిన నిలబడి ఈ ఇల్లు కట్టించింది. ప్రతి గోడకీ పొద్దునా సాయంత్రం తన చేత్తోనే నీళ్ళు పట్టింది. వంటింటి గట్టు మేస్త్రీ చెప్పిన ఎత్తులో కాకుండా తనని నిలబెట్టి కొలిపించి పోయించుకుంది, ఎందుకంటే ఆమె కాస్త పొట్టి. పుట్టింటికి వెళ్ళినా అక్కడ నిద్ర పట్టడం లేదని గబగబా తిరిగి వచ్చేస్తుంది.

ఆ ఇంటి వసారాలో కూర్చుని పరాంకుశం గారు నన్నడిగారు.

“సదరు గృహమును ఎప్పుడు విక్రయించుచున్నారు?”

“అమ్మటం లేదండి,” అన్నాను.

“కారణము?”

“అందులో ఉంటున్నామండి.”

ఆయన గుమాస్తా వైపు తిరిగి, “మూఢనమ్మకం అని రాసుకోవయ్యా,” అన్నారు.

“మూఢనమ్మకం కాదండి, నిజంగానే ఉంటున్నాం.”

పరాంకుశం గారు నావంక జాలిగా చూశారు. “మాస్టారూ, మీరు ఏప్రిల్లో ఇల్లు అమ్మలేదనుకోండి, అది మీ ఇష్టము. డిసెంబరులో అమ్మలేదనుకోండి, అది మౌఢ్యము. ఈ వ్యత్యాసమును గమనింపుడు.”

లోపల్నుంచి సుభద్ర గొంతు వినిపించింది. “ముందు ఆయనిల్లు అమ్ముకోమనండి!”

“నాకు స్వగృహము లేదమ్మా,” అన్నారాయన, ఏమాత్రం నొచ్చుకోకుండా. “ఒకటి చూచి యుంచితిని. మాఘములో కొందును.”

“మాఘంలోనా?” అన్నాను నేను.

“అది వేరు విషయము. ఉద్యమము ప్రజల కొరకు.”

ఆ వారమే మా వీధి మొగలో కల్వర్టు కడతామని మునిసిపాలిటీవాళ్ళు అడ్డంగా పెద్ద గొయ్యి తవ్వారు. తవ్వాక, కోటా పూర్తికాని వీధికి కల్వర్టు మంజూరు లేదని చెప్పి పారలు తీసుకుని వెళ్ళిపోయారు. మేం గొయ్యి మీద కొబ్బరి దుంగ వేసుకుని, చేతులు చాచి, దొమ్మరివాళ్ళలాగా దాటడం మొదలుపెట్టాం. ఈ లోపల టౌన్‌హాల్లో అవగాహన సదస్సు పెట్టారు. ‘చలిలో అమ్ము, ప్రగతిని నమ్ము’ అని గుడ్డ కట్టారు. సభ తొమ్మిదింటికన్నారు గానీ పదిన్నర దాటాక గాని జ్యోతి వెలగలేదు. రాహుకాలం వెళ్ళనీయండని పరాంకుశం గారే ఆపారట. మూఢనమ్మకాల నిర్మూలన కార్యక్రమం కదా, నిర్విఘ్నంగా సాగాలి.

మా తూము వీధిలో ఉన్నవి నాలుగే ఇళ్ళు. మాది ఒకటి. పక్కది గోవర్ధనానిది, బజారులో నీళ్ళ మోటార్లు అమ్ముతాడు, మాటలు ఊరికే ఇస్తాడు. దాని పక్కది టైలరు మస్తాన్‌గారిది. చివరిది నాగరత్నమ్మ పిన్నిగారిది. ఆవిడ ఒంటరి మనిషి, అప్పడాలు వత్తి అమ్ముతుంది. మడీ ఆచారం జాస్తి. ఒకరోజు పిన్నిగారు దుంగ మీద కాలు జారి, అప్పడాల బుట్టతో సహా గోతిలో పడింది. దెబ్బలు పెద్దగా తగల్లేదు గానీ ఆ సాయంత్రం నలుగురం మా వసారాలో కూర్చున్నాం.

“ఇందులో బుర్ర బద్దలుకొట్టుకునేదేం లేదండి మాస్టారూ,” అన్నాడు గోవర్ధనం. “ఆళ్ళకి కావాల్సింది అమ్మకం. కొనేవోడు ఎవడో ఆళ్ళకెందుకు? మీ ఇల్లు నాకమ్మండి, నాది మస్తాన్‌గారికి అమ్మేత్తాను, ఆయనది పిన్నిగారికి, పిన్నిగారిది మీకు. అందరం ఒకే రేటు రాసుకుందాం. ఒకళ్ళకొకళ్ళు పైసా ఇవ్వక్కర్లేదు. రుసుం ఎలాగూ లేదు. కోటా అయిపోద్ది, కల్వర్టు వచ్చేత్తది. పుష్యం వెళ్ళాక మళ్ళీ ఎవరిది ఆళ్ళం కొనేసుకుందాం.”

“శూన్యమాసంలో ఇల్లు చెయ్యి మారకూడదు నాయనా,” అంది పిన్నిగారు.

“మారట్లేదు కదండీ పిన్నిగారూ! ఇదంతా ఉత్తుత్తి అమ్మకం. అమ్మినట్టు మనకీ తెలీదు, కొన్నట్టు దేవుడికీ తెలీదు.”

మస్తాన్‌గారు మెడలో టేపు సవరించుకుంటూ గొణిగాడు. “మాకు ధనుర్మాసం అదీ లేదనుకోండి. కానీ మా అమ్మ ఒప్పుకోదండి. నెలగంట పెట్టాక ఇల్లు కదిపితే అచ్చిరాదంటది. మీ మజ్జన ఉండుండి మాకూ అంటుకుందండి.”

నేను సుభద్ర ముఖం చూశాను.

“నా ఇల్లు నాకు మళ్ళీ వస్తుందా?” అని అడిగింది ఆమె.

“ఎక్కడికి పోద్దండీ అక్కయ్యగారూ, ఇటుకలకి కాళ్ళున్నాయా?” అన్నాడు గోవర్ధనం.

ఊరంతటికీ మోటార్లు అమ్మినవాడు చెబితే నమ్మకుండా ఉండటం కష్టం. మరుసటి వారం నాలుగిళ్ళూ ఒకేరోజున చేతులు మారాయి. పరాంకుశం గారి ఆనందం ఇంతా అంతా కాదు. మా నలుగురికీ శాలువాలు కప్పారు. మా వీధి మొగలో, గొయ్యికి ఇవతల, ‘శీతాకాల ఆదర్శ వీధి’ అని పెద్ద బోర్డు పాతారు. పేపర్లో ఫొటో వేశారు. అందులో పిన్నిగారు మస్తాన్‌గారి ఇల్లు కొన్న మనిషిలా లేదు, ఎవరో చనిపోతే పరామర్శకి వెళ్ళిన మనిషిలా ఉంది. కల్వర్టు పని మాత్రం, సిమెంటు చలికి బిగుసుకోదన్న సాంకేతిక కారణం మీద, వేసవికి వాయిదా వేశారు.

అంతటితో అయిపోయిందనుకున్నాం. ఆఫీసు సంగతి తెలియని వాళ్ళం.

నాలుగు రోజులకి పరాంకుశం గారు మళ్ళీ వచ్చారు. ఈసారి ముఖంలో కంగారు కనిపించింది. “మన వీధి విజయము రాజధాని వరకు వెళ్ళినది. భౌతిక స్వాధీన నిర్ధారణ బృందము వారు స్వయముగా పరిశీలనకు వేంచేయుచున్నారు. కొన్నవారు కొన్న గృహములందే నివసించుచున్నట్లు కనబడవలెను.”

“ఎప్పుడొస్తారండి?”

“ఆకస్మిక తనిఖీ. ఎప్పుడు వచ్చునదీ వారికే తెలియదు.”

ఒక్కరోజు నాటకమే కదా అనుకుని సామాన్లు మోసుకున్నాం. మేం పిన్నిగారింటికి, పిన్నిగారు మస్తాన్‌గారింటికి, మస్తాన్‌గారు గోవర్ధనం ఇంటికి, గోవర్ధనం మా ఇంటికి. వీధిలో మంచాలు, గ్యాసుబండలు, కుట్టుమిషను ఎదురెదురుగా వచ్చి దారి ఇచ్చుకున్నాయి. బృందం ఆ రోజు రాలేదు. మర్నాడూ రాలేదు. రానంతకాలం వచ్చే ప్రమాదం ఉంటుంది గనక మేం ఎక్కడివాళ్ళం అక్కడే ఉండిపోయాం.

గోవర్ధనం భార్య మహాలక్ష్మి ఆరడుగులకి ఒక వేలు తక్కువ మనిషి. సుభద్ర గట్టు దగ్గర వంగి వంట చేసి చేసి ఆమె నడుము పట్టేసింది. వంగినది వంగినట్టే వీధిలోకి వచ్చి, “అక్కయ్యగారూ, ఈ గట్టు మనుషుల కోసం కట్టించారా, కోళ్ళ కోసవాండీ?” అని కేక పెట్టేది. మస్తాన్‌గారి భార్యకి గోవర్ధనం ఇంటి పెరట్లో తులసికోట వాటాకి వచ్చింది. మొక్క ఎండిపోతే వాళ్ళు నొచ్చుకుంటారని ఆవిడ రోజూ తెల్లవారకముందే నీళ్ళు పోసి, ఎవరైనా చూశారేమోనని అటూ ఇటూ చూసుకునేది. అందరికన్నా పెద్ద కష్టం పిన్నిగారికి వచ్చింది. మస్తాన్‌గారి మేక కొత్త ఇంట్లో ఉండనని తాడు తెంపుకుని పాతింటికే వచ్చేది. మొదట్లో ఆవిడ దాని మీద చెంబుడు నీళ్ళు చల్లి తాను స్నానం చేసేది. తరవాత తరవాత విరిగిన అప్పడాలు పెట్టడం మొదలుపెట్టింది. పుష్యం సగానికి వచ్చేసరికి ఆ మేక మస్తాన్‌గారు పిలిచినా పలకడం మానేసింది.

సుభద్ర మాత్రం పిన్నిగారింట్లో నిద్ర పోలేదు. పగలు అరుగు మీద కూర్చుని తన ఇంటి వైపే చూసేది. “మహాలక్ష్మి గోడకి మేకులు కొడుతోందండీ,” అనేది. “వసారా కడగటం లేదండీ.” ఒకరోజు చూసి చూసి చీపురు పట్టుకుని వెళ్ళి తన వసారా తానే కడిగి వచ్చింది. సరిగ్గా అప్పుడే ఆకస్మిక బృందం దిగింది.

బృందంలో పెద్దాయన సుభద్రని ఆపి, “ఎవరమ్మా నీవు?” అని అడిగాడు.

పరాంకుశం గారి ముఖం తెల్లబడింది. గోవర్ధనం ముందుకి ఉరికాడు. “మా ఇంట్లో పనిచేత్తాదండి. శానా నమ్మకమైన మనిషండి.”

సుభద్ర చీపురు పట్టుకుని అలాగే నిలబడింది. ఒక్క మాట అంటే నలుగురమూ మోసం కేసులో ఇరుక్కుంటాం. ఆమెకి అది తెలుసు. బృందంవారు ఆమె చీపురు వంక, తడి గచ్చు వంక చూసి, స్వాధీనం నిర్ధారణ అయిందని సంతోషించి, గోవర్ధనం చేతి కాఫీ తాగి వెళ్ళారు. ఆ రాత్రి సుభద్ర అన్నం తినలేదు. నాకు గోవర్ధనం మీద కోపం వచ్చింది, పరాంకుశం మీద వచ్చింది, అన్నిటికన్నా ఎక్కువగా శాలువా కప్పుతుంటే మెడ వంచిన నా మీద వచ్చింది.

పుష్యం వెళ్ళి మాఘం వచ్చింది. పాడ్యమి నాడే నలుగురం పరాంకుశం గారి ఆఫీసుకి పరుగెత్తాం. గోవర్ధనం చేతులు కట్టుకుని, “ఎవరిల్లు ఆళ్ళం మళ్ళీ రాసేసుకుంటావండి,” అన్నాడు.

పరాంకుశం గారు కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టారు. “ఎంత మాట! మాఘమాసములోనా?”

“అవునండి, మంచి రోజులొచ్చాయి కదండీ.”

“అదియే ప్రమాదము! పుష్యములో కొని, మాఘము వచ్చువరకు వేచియుండి, మాఘములో తిరిగి అమ్మినచో ఏమగును? పుష్యము చెడ్డదనియు, మాఘము మంచిదనియు ఆదర్శ వీధివారే ఒప్పుకొన్నట్లగును. ఉద్యమము ఏమి కావలెను? ఇట్టివారుందురని ఊహించియే పైవారు ఉత్తర్వు నిచ్చినారు. శీతాకాలమున కొన్న గృహమును శీతాకాలముననే తిరిగి అమ్మవలెను.”

“అంటే మళ్ళీ చలికాలం దాకా...” అన్నాను నేను.

“ఎంతలో వచ్చును మాస్టారూ! కాలము ఆగునా?” అని, ఆయన హడావిడిగా లేచారు. ఆ రోజు తన కొత్త ఇంటి రిజిస్ట్రేషను ఉందట. దివ్యమైన ముహూర్తమట.

ఇంటికి వచ్చి సుభద్రకి ఎలా చెప్పాలో నాకు తెలియలేదు. చెప్పాను. ఆమె, “సరే, చలికాలమేగా,” అంది. వేసవిలో పిన్నిగారి పెంకుటింట్లో ఉడికిపోయాం. వానల్లో గొయ్యి నిండి వీధి వీధంతా చెరువైంది. ఆదర్శ వీధి బోర్డు ఒక్కటే నీటి మీద కనిపించేది. సుభద్ర పంచాంగం తీసి మార్గశిరం ఎప్పుడొస్తుందో రోజూ చూసేది. నాకు తెలిసి చలి కోసం అంతలా ఎదురుచూసిన మనిషి మరొకరు లేరు.

మార్గశిరం వచ్చింది. ఈ లోపల రాజధానిలో పెద్దాయన మారాడు. కొత్తాయనకి గ్రాఫుల మీద కన్నా గ్రంథాల మీద మక్కువ ఎక్కువ. జనం తరతరాల ఆచారాలు మంటగలిపి చలికాలంలో ఇళ్ళు అమ్ముకుంటున్నారని తెలిసి ఆయన గుండె చెరువైంది. దాంతో ‘సంప్రదాయ పునరుద్ధరణ మహోద్యమం’ పుట్టింది. శూన్యమాసంలో ఏ ఇల్లూ చేతులు మారరాదన్నారు. మేం వెళ్ళేసరికి పరాంకుశం గారు అదే కుర్చీలో, నుదుట బొట్టుతో, భుజాన పట్టు ఉత్తరీయంతో ఉన్నారు. ఉద్యమం మారింది గానీ ఆయన ఉత్సాహం ఏమాత్రం తగ్గలేదు.

“చలికాలంలో కొన్న ఇల్లు చలికాలంలోనే అమ్మాలన్నారు కదండీ,” అన్నాను.

“అన్నాను. ఆ ఉత్తర్వు అమలులోనే యున్నది.”

“ఇప్పుడు చలికాలంలో అసలు అమ్మకూడదంటున్నారు.”

“అంటున్నాను. ఈ ఉత్తర్వు సైతము అమలులోనే యున్నది.”

“మరి మేం ఎప్పుడు అమ్ముకోవాలండీ?”

ఆయన కాసేపు నిజంగానే ఆలోచించారు. “రెంటికిని భంగము కలుగని కాలమున,” అన్నారు.

మస్తాన్‌గారు బయటికి వచ్చాక మెట్ల మీద కూర్చుండిపోయాడు. “అట్టాంటి కాలం పంచాంగంలో ఉంటదాండి మాస్టారూ?” అని నన్నడిగాడు.

మర్నాడు పొద్దున లేచేసరికి సుభద్ర స్టవ్వు విప్పి పక్కన పెట్టి, గిన్నెలు దుప్పట్లో మూట కడుతోంది. “ఎక్కడికి?” అన్నాను. “మన ఇంటికి,” అంది. “తనిఖీ వాళ్ళొస్తేనో?” అన్నాను. “రమ్మనండి. నాలుగు చీపుళ్ళున్నాయి, తలా ఒకటి ఇస్తాను,” అంది. మూట నెత్తిన పెట్టుకుని వీధిలోకి దిగింది. ఆమె దిగడం చూసి మహాలక్ష్మి నడుము పట్టుకునే తన మంచం బయటికి లాగింది. మస్తాన్‌గారు మిషను ఎత్తాడు. మధ్యాహ్నానికి ఎవరి పొయ్యి వాళ్ళింట్లో వెలిగింది. మేక మాత్రం పిన్నిగారి వెంటే ఆవిడ పాతింటికి వెళ్ళిపోయింది, మస్తాన్‌గారు కూడా పట్టుపట్టలేదు. సుభద్ర తన వంటింటి గోడకి చెయ్యి ఆనించి ఏడ్చింది. నేనూ ఏడ్చాను. సొంత ఇంటికి వస్తే ఏడవటంలో సిగ్గేముంది?

ఆ సుఖం నెల తిరగలేదు. నాలుగిళ్ళ తలుపులకీ నోటీసులు అంటించారు. కొనుగోలుదారులు స్వాధీనం విడిచిపెట్టినందున సదరు గృహములు ప్రభుత్వపరమైనవట. ప్రభుత్వ గృహములందు చొరబడి నివసించుచున్న ఆక్రమణదారులు తక్షణం ఖాళీ చేయవలెనట.

ఈసారి మా నలుగురితో పాటు సుభద్ర కూడా ఆఫీసుకి వచ్చింది. మమ్మల్ని చూడగానే పరాంకుశం గారు కుర్చీలోంచి లేచి రెండు చేతులూ చాచారు.

“అదృష్టవంతులు! మీ సమస్య పరిష్కారమైనది!”

“ఖాళీ చెయ్యమన్నారు కదండీ?” అన్నాడు గోవర్ధనం.

“ఎవరిని? ఆక్రమణదారులను. అదియే మీ అదృష్టము. చూడుడు. తమ గృహమును తాము పోగొట్టుకొన్న యజమానులకు శాఖలో ఏ దారియు లేదు, నేను వెదకితిని. ఆక్రమించినవారికి మాత్రము రాజమార్గము గలదు. ప్రభుత్వ ఆస్తిని ఆక్రమించి నివసించువారికి అదే ఆస్తిని క్రమబద్ధీకరించి పట్టా ఇచ్చు పథకము ఎల్లకాలము నడచుచునే యున్నది. దానికి చలికాలము, వేసవికాలము అను భేదము లేదు. అది ఏ ప్రభుత్వము వచ్చినను మారదు.”

గోవర్ధనం ముఖం వెలిగింది. పిన్నిగారు దణ్ణం పెట్టింది. సుభద్ర ఒక్కతే అడిగింది. “మేమేం చెయ్యాలండి?”

“సులభము. ఈ గృహము నాది కాదు, నేను అక్రమముగా ప్రవేశించితిని అని ఒప్పుకొని సంతకము చేయవలెను. చూచినవారొకరు సాక్ష్యము చెప్పవలెను.”

“ఆ ఇల్లు నేను కట్టించుకున్నానండీ. పునాది దగ్గర్నుంచి.”

పరాంకుశం గారు ఓపికగా చెప్పారు. ఆయనలో చెడ్డతనం ఎక్కడా లేదు, అదే నాకు భయం వేసింది. “అమ్మా, మీరు కట్టించితినన్నచో అది ఆక్రమణ కాదు. ఆక్రమణ కానిచో క్రమబద్ధీకరణ లేదు. క్రమబద్ధీకరణ లేనిచో రేపు ఖాళీ చేయవలెను. ఇల్లు కావలెనా, ఆ మాట కావలెనా, మీరే చెప్పుడు.”

గోవర్ధనం సంతకం గీకేశాడు. మస్తాన్‌గారు, “ఎప్పుడు ఆక్రమించానని రాయమంటారండి?” అని అడిగి, చెప్పిన తేదీ వేసి, చేశాడు. పిన్నిగారు వేలిముద్ర వేసి వేలు చీర చెంగుకి తుడుచుకుంది. సుభద్ర కలం పట్టుకుని కూర్చుంది. గుమాస్తా గడియారం చూసుకున్నాడు. నేను ఆమె చెయ్యి మీద చెయ్యి వేసి, సంతకం ఎక్కడ పెట్టాలో వేలితో చూపించాను. ఆమె నా వంక ఒక చూపు చూసి, పెట్టింది.

తరవాత సాక్ష్యం నన్నే చెప్పమన్నారు. చెప్పాను. సుభద్ర అను ఈ మనిషి పరుల గృహములోనికి నా కళ్ళ ఎదుటనే చొరబడినదని చెప్పాను. మెచ్చుకుని టీ ఇచ్చారు.

“ఇక రెండు నిబంధనలు,” అన్నారు పరాంకుశం గారు పట్టాలు చేతికిస్తూ. “క్రమబద్ధీకరించిన గృహమును ఎన్నడును, ఏ కాలమునందును అమ్మరాదు. కనుక చలికాలములో అమ్మవలెనా వద్దా అను బాధ మీకు శాశ్వతముగా తొలగినది. రెండవది, గృహము స్వార్జితమని గాని, స్వంతమని గాని ఎవరితోనైనను పలికినట్లు రుజువైనచో పట్టా రద్దగును. ముఖ్యముగా మా సిబ్బంది యెదుట జాగ్రత్త.”

మర్నాడు మునిసిపాలిటీ మనిషి రేకు బోర్డులు చంకన పెట్టుకుని వచ్చాడు. నడివయసు మనిషి, ఎండలో తిరిగి తిరిగి నల్లబడ్డాడు. మా వీధి గుమ్మం పక్కన సుత్తి తీసి బోర్డు ఆనించాడు. ‘ఆక్రమిత గృహము. ప్రభుత్వము దయతో క్రమబద్ధీకరించినది. ఆక్రమణదారు: సుభద్ర.’ మొదటి మేకు దిగగానే గోడ పెచ్చు ఊడి కింద పడింది.

సుభద్ర లోపల్నుంచి పరుగున వచ్చింది. “మెల్లిగా కొట్టు నాయనా! ఎంత నీళ్ళు పట్టి పెంచుకున్న గోడో తెలుసా?”

అతను సుత్తి ఆపి ఆమె వంక చూశాడు. “ఇల్లు తమరిదేనాండమ్మా?”

సుభద్ర నోరు తెరిచింది. అతని చొక్కా జేబు మీద కుట్టిన మునిసిపాలిటీ గుర్తు చూసింది. కిందపడ్డ పెచ్చు తీసి చేతిలో పట్టుకుంది.

“కాదు నాయనా,” అంది. “ఆక్రమించుకున్నాను.”